గాజు దాటిన ఉప్పు

ఇంటి నుంచి
జనవరి 9, గురువారం

ఈ రోజు అయిన పనులు: దుప్పట్లు ఉతికి ఆరేయడం, పిండి డబ్బాలు కడిగి ఎండలో బోర్లించడం, వంటింటి కిటికీకి తెర కుట్టడం, మీ అన్నయ్యతో ఒక చిన్న పోట్లాట. మిగిలిన పని ఈ ఉత్తరం.

మరదలు పిల్లకి నీ వదిన దీవెనలు.

నువ్వు క్షేమంగా చేరినట్టు రాసిన ముక్క అందింది. ముక్క అంటే ముక్కే. ఉన్నవి నాలుగు వాక్యాలు, అందులో రెండు దోమల గురించి. ఇకమీదట సరిగ్గా రాయి. ఫోను చేస్తానంటావేమో, వద్దు. ఫోను ఉన్నది షాపులో, ఫోను పక్కన ఉన్నది మీ అన్నయ్య చెవి.

ఇన్నేళ్ళూ తన కరెంటు సామాన్ల షాపులో గల్లా దగ్గర కూర్చున్న చెల్లెలు, నలభై దాటాక పిల్లల సైన్సు ప్రదర్శనశాలలో ఉద్యోగమని పెట్టె సర్దుకుని పోవడం ఆయనకి ఇంకా మింగుడు పడలేదు. పైగా అది ఖాయమైన ఉద్యోగం కాదనీ, రెండు నెలలు పని చూసి ఉంచుకుంటారో పంపేస్తారో తేలుస్తారనీ తెలిశాక మరీ ధైర్యం వచ్చింది. షాపుకి ఎవరొచ్చి నీ గురించి అడిగినా, "ఎక్కడికి పోతుంది, వస్తుంది" అంటున్నారు. గల్లా దగ్గరికి మరో మనిషిని పెట్టుకోమన్నాను. వినలేదు.

నిన్న భోజనం దగ్గర నువ్వు అక్కడ ఏం చేయబోతున్నావో చెప్పాను. గాజులోంచి ఉప్పును నడిపిస్తుందట అన్నాను. మీ అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గాజు కరెంటును పోనివ్వదని ఒట్టేసి చెప్పి జీవితమంతా, స్తంభాల మీద తీగల్లోంచి కరెంటు కారకుండా పెట్టే గాజు బిళ్ళలూ పింగాణీ గిన్నెలూ అమ్మిన మనిషాయన. ఇప్పుడు సొంత చెల్లెలే నలుగుర్నీ పోగేసి, పోతుంది చూడండి అంటే షాపు పరువేం కానని ఆయన బాధ. పోట్లాట అక్కడ మొదలైంది.

నిజం చెప్పొద్దూ, నాకూ అర్థం కాలేదు. గాజు గ్లాసులో నీళ్ళు పోస్తే బయట తడి తగలదు. సీసాలో ఉప్పు పోస్తే ఏడాదైనా సీసాలోనే ఉంటుంది. మరి నువ్వు నడిపించే ఉప్పు ఏ దారిన నడుస్తుంది? నాకు తెలిసేలా రాయి.

ఇంకో మాట. పరాయిచోట పొయ్యి, కరెంటు ధారాళంగా వాడకు. ఒకసారి వెలిగించిన పొయ్యి మీద రెండు పనులు కావాలని నేను పోరినదంతా గుర్తుంచుకో. నిన్ను చూసి మన ఇంటివాళ్ళు దుబారా మనుషులనుకోకూడదు.

నీ వదిన


ప్రదర్శనశాల, వెనక గది
జనవరి 17

వదినకి నమస్కారాలు.

నాకిచ్చిన గది సైకిళ్ళ షెడ్డు వైపు ఉంది. ఒక రేకు బల్ల, ఒక పెద్ద కుళాయి, ఒక చెయ్యి లేని అస్థిపంజరం. చెయ్యి మరమ్మతుకి వెళ్ళిందట. వచ్చేదాకా అది నాతోనే ఉంటుంది. మాట కలిపితే విసుక్కోదు, ఆ విషయంలో అన్నయ్య కంటే నయం.

నా సంగతి ఇదీ. ప్రదర్శనశాలలో మెట్ల కింద ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ నా ప్రయోగం పెట్టాలని నేనూ, వంకర అద్దాలు పెట్టాలని మా పెద్దసారూ. వంకర అద్దంలో తమ పొట్టలు చూసుకుని పిల్లలు నవ్వుతారు, జనం వస్తారు అంటాడాయన. ఆయన చెడ్డవాడు కాదు, జనం రావాలన్న బెంగ అంతే. వచ్చే నెలాఖరున, అంటే ఫిబ్రవరి చివర, కమిటీవాళ్ళు వస్తారు. వాళ్ళ కళ్ళ ముందు నా బల్బు పని చేస్తే మూల నాది, ఉద్యోగమూ నాది. చెయ్యకపోతే అద్దాలు వస్తాయి, నేను గల్లా దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నీ ప్రశ్న. గాజు చూడ్డానికి గట్టిగా ఉంటుంది గాని లోపల వరసగా పేర్చిన ఇటుకల గోడలా ఉండదు. హడావిడిగా మూటలు పడేసిన గోదాములా ఉంటుంది, అన్నీ సందులే. గాజు తయారు చేసేటప్పుడు సోడా కలుపుతారు. ఆ సోడాలోని సోడియం రేణువులు ఆ సందుల్లో ఇరుక్కుని కూర్చుంటాయి. ఒక్కొక్కటీ కాస్త ప్లస్ కరెంటును మోస్తూ ఉంటుంది, అందుకని వాటిని అయాన్లంటారు. గాజు చల్లగా ఉన్నంతసేపూ అవి కదలవు. చలికాలం పొద్దున అన్నయ్యని దుప్పట్లోంచి లేపి చూడు, అలా ఉంటాయి. గాజును బాగా వేడి చేస్తే మెలకువ వచ్చి ఈ సందులోంచి ఆ సందులోకి గెంతుతాయి. కానీ ఎవరి గెంతు వాళ్ళది, ఒకటి అటు, ఒకటి ఇటు. అప్పుడు గాజుకి ఒక పక్క ప్లస్, రెండో పక్క మైనస్ పెడితే అన్నీ మైనస్ వైపు బయల్దేరతాయి. మనింట్లో పొద్దున్నే నువ్వు నన్ను లేపేదానివి, అన్నయ్య షాపు టైమైందని గుమ్మం వైపు తోసేవాడు. మీలో ఒక్కరే ఉంటే నేను గుమ్మం దాటేదాన్ని కాదు. వేడి లేపుతుంది, కరెంటు తోస్తుంది.

కాబట్టి అన్నయ్య చెప్పిందీ అబద్ధం కాదు. చల్లటి గాజు కరెంటును పోనివ్వదు. ఆయన షాపులో గాజు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది మరి.

చేసే పద్ధతి చెబుతాను. ఇనుప గిన్నెలో ఒక తెల్లటి ఉప్పు వేసి మంట మీద కాదు, కరెంటు పొయ్యి మీద కరిగిస్తాను. కూరలో వేసే ఉప్పు కాదు, సోడియం నైట్రేట్. కరిగితే నీళ్ళలా తేటగా ఉంటుంది. అందులో, వెలుగుతున్న బల్బు అడుగుభాగం ముంచుతాను. గిన్నెకి ప్లస్, బల్బులోని తీగకి మైనస్. సోడియం గాజు దాటి లోపలి గోడకి చేరుతుంది. అక్కడ తీగ చిమ్మే ఎలక్ట్రాన్లను కలుపుకుని అసలైన లోహంగా మారుతుంది. ఆ వేడికి ఆవిరై, బల్బు మెడ దగ్గర చల్లగా ఉన్నచోట వెండిపూతలా పేరుకుంటుంది. బల్బుకి ఎక్కడా చిల్లు ఉండదు.

నిన్న సామాన్ల గదిలో దొరికిన ఒక పాత బల్బుతో చేశాను. వచ్చింది వదినా. గోరంత వెండి మెరుపు, గాజు లోపల, చెయ్యి పెట్టలేని చోట. గదిలో వేరే ఎవరూ లేక అస్థిపంజరానికి చూపించాను.

ఇంకా బల్బులు కావాలి. ఇక్కడ బజారులో అన్నీ ట్యూబులైట్లూ, పాలరంగు బల్బులూ. లోపల తీగ కనిపించే, గాలి తీసేసిన పాతరకం చిన్న బల్బులు మన షాపు అటక మీద ఉండాలి. అన్నయ్యని అడిగే ధైర్యం నాకు లేదు. నీకుంది.

దోమలు తగ్గాయి.

నీ మరదలు


ఇంటి నుంచి
జనవరి 25

మరదలు పిల్లకి,

బల్బులు పంపుతున్నాను. ఒక్కోదాన్నీ పాత దిండు గలీబు ముక్కలో చుట్టాను. గుడ్డ పారెయ్యకు, తుడవడానికి పనికొస్తుంది. మీ అన్నయ్యని అడిగితే, "అటక మీద ఏదో డబ్బా ఉంది, తీసుకుంటే తీసుకో, నాతో చెప్పకు" అన్నారు. సరేనని చెప్పకుండానే తీసుకున్నాను. డబ్బా అటక మీద కాక గుమ్మం పక్కనే దుమ్ము దులిపి ఉండటం నాకు వింతగా తోచింది గాని అడగలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లేపడం, తోయడం బాగా అర్థమైంది. ఒకటి మాత్రం కుదరలేదు. గాజులోంచి సోడియం అలా లోపలికి రాలిపోతూ ఉంటే గాజు గుల్లబారదా? డబ్బాలోంచి తీస్తూ పోతే డబ్బా ఖాళీ అవ్వాలి కదా. నా వంటింట్లో ఇప్పటిదాకా దీనికి భిన్నంగా జరగలేదు.

వేడి గిన్నె దగ్గర జాగ్రత్త. నీ చేతులకి తొడుగులున్నాయా లేవా అన్నది నువ్వు రాయలేదు.

నీ వదిన


ప్రదర్శనశాల
ఫిబ్రవరి 6

వదినకి,

బల్బులన్నీ చెక్కుచెదరకుండా అందాయి. తోలు తొడుగులున్నాయి, ముందు మందపాటి అద్దం తెర కూడా ఉంది.

గాజు గుల్లబారదు. పెరటి మొక్కలకి కుళాయి గొట్టంతో నీళ్ళు పడతావు కదా. గొట్టం ముందే నిండి ఉంటే, ఇక్కడ కుళాయి తిప్పగానే ఆ చివర నీళ్ళు పడతాయి. పడిన నీళ్ళు ఇప్పుడు కుళాయిలోంచి వచ్చినవి కావు, గొట్టంలో అప్పటికే ఉన్నవి. ఇదీ అంతే. ముందుగా లోపల రాలేది గాజు సొంత సోడియం. అది లేచిన చోట వెనకది కూర్చుంటుంది, దాని చోట ఇంకా వెనకది, ఆఖరున గిన్నెలోది వచ్చి కూర్చుంటుంది. ఎన్ని రాలినా సీట్లన్నీ నిండే ఉంటాయి.

ఇక్కడ టికెట్లిచ్చే ఆవిడ కొత్త గొడుగు కొంది. ఊదారంగుది, పిడి చిలక ఆకారంలో ఉంటుంది. వాన లేకపోయినా తెస్తుంది, లోపల కూడా తెరిచి చూపిస్తుంది. నిన్న గాలికి అది తిరగబడితే మేమందరం కలిసి బాగు చేశాం. మనిషి సరదా మనిషి. అస్థిపంజరానికి చెయ్యి వచ్చింది. ఎండలు మొదలయ్యాయి.

వీలైతే ఇంకొన్ని బల్బులు పంపు.

నీ మరదలు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 12

మరదలా,

నీ ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ లేదు. నిజమూ లేదు. గొడుగు గురించి అరపేజీ రాసిన మనిషి, వెండి మెరుపు గురించి ఒక్క ముక్క రాయలేదు. పంపిన బల్బులు ఏమయ్యాయో చెప్పకుండా ఇంకొన్ని పంపమంది. చిన్నప్పుడు నువ్వు మార్కులు తగ్గినప్పుడల్లా బడిలో కుక్క పిల్లలు పెట్టిన కథ చెప్పేదానివని మీ అన్నయ్య అంటుంటారు. ఈ గొడుగు ఆ కుక్కకి పుట్టిందే.

బల్బులు పంపుతున్నాను. నిజం పంపు.

నీ వదిన


ప్రదర్శనశాల
ఫిబ్రవరి 16

వదినా,

పగిలిపోతున్నాయి.

మొదటి బల్బు తర్వాత ఒక్కటీ నిలవలేదు. ముంచిన కాసేపటికి అడుగున సన్నటి గీతలు లేస్తాయి, పొలుసుల్లా. తర్వాత టిక్కుమంటుంది. అంతే, బల్బు పోయినట్టే. నెమ్మదిగా ముంచి చూశాను, ముందే వెచ్చబెట్టి ముంచాను, కరెంటు తగ్గించాను. అదే టిక్కు. నిద్రలో కూడా వినిపిస్తోంది.

నిన్న పెద్దసారు టేపు పట్టుకుని మెట్ల కింద మూల కొలుచుకుంటున్నాడు. నన్ను చూసి టేపు జేబులో పెట్టేసుకున్నాడు. కోప్పడినా బాగుండేది. కమిటీవాళ్ళు వచ్చే వారమే.

నీకు చెప్పకుండా దాచింది అన్నయ్యకి తెలుస్తుందని. ఆయన "చెప్పానా లేదా" అనే తీరు నాకు తెలుసు. ఇక దాచి ఏం లాభం. గల్లా దగ్గర కుర్చీ తుడిచి పెట్టమను. ఆ మొదటి రోజు మెరుపు చూడకపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. చూశాక వదిలి రావడం కష్టంగా ఉంది వదినా.

నీ మరదలు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 19, ఉదయం

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం రాగానే పొయ్యి కట్టేసి కూర్చున్నాను. నాకు సైన్సు రాదు. నీకు వచ్చు. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే వెళ్ళాను.

మొదట అనుమానం బల్బుల మీద పడింది. మొదటిది అక్కడ దొరికింది, పగిలినవన్నీ మన షాపువి. అందుకని మీ అన్నయ్యని అడిగాను, మీ బల్బులు పాతబడి చచ్చుబడ్డాయేమో అని. అడగడం తప్పయింది. ఆయన లేచి నిలబడ్డారు. "అటక మీది డబ్బాలన్నీ నేనే దింపాను. లోపల గ్యాసు నింపినవి పక్కన పెట్టి, గాలి తీసేసినవే ఏరాను. ఒక్కొక్కటీ నా చేత్తో వెలిగించి చూశాను. నా బల్బులో లోపమంటే ఒప్పుకోను" అన్నారు. అన్న తర్వాత తెలిసింది, ఏం బయటపెట్టుకున్నారో. ఆ తర్వాత పేపరు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఒకే పేజీ చదివారు. సంగతి తెలిసినట్టు నువ్వు బయటపడకు.

సరే, బల్బుల్లో తప్పు లేదు. మొదటి రోజు వచ్చింది, రెండో రోజు నుంచి రాలేదు. మధ్యలో ఏమీ మారనట్టే రాశావు. నమ్మను. నిన్ను నా చేతులతో పెంచాను. నువ్వు ఏ పనైనా మొదటిసారి పుస్తకంలో ఉన్నట్టు చేస్తావు, రెండోసారి అందులో పొదుపు చేస్తావు. దాన్ని మార్పు అని కూడా అనుకోవు, ఎందుకంటే మనింట్లో అది మామూలు. టీ పొడి రెండుసార్లు మరిగించినా అది కొత్త టీయేనని వాదించిన పిల్లవి.

ఒకటే అడుగుతున్నాను. ఎక్కడ పొదుపు చేశావు?

నీ వదిన


ప్రదర్శనశాల
ఫిబ్రవరి 22

వదినా వదినా,

ఉప్పులో.

నీ ప్రశ్న చదివి గట్టిగా నవ్వాను. టికెట్టావిడ గొడుగుతో సహా పరిగెత్తుకొచ్చింది. మొదటి రోజు వట్టి సోడియం ఉప్పే కరిగించాను. అది కరగాలంటే చాలా వేడి కావాలి. పొయ్యి అలా మండుతూనే ఉంటే గోడ మీద మీటరు గిర్రున తిరగడం కనిపించింది. నాకు నువ్వు గుర్తొచ్చావు. పుస్తకంలో చూస్తే, పొటాషియం ఉప్పు కలిపితే మిశ్రమం ఎంతో తక్కువ వేడికే కరుగుతుందని ఉంది. బీరువాలో ఆ ఉప్పు ఉంది కూడా. మర్నాటి నుంచి సగానికి సగం కలిపాను. ఆ రోజు ఎంత గర్వపడ్డానో. వేడి మార్చానా, కరెంటు మార్చానా అని వెతుక్కున్నాను గాని ఇది మార్పన్న ఊహే రాలేదు.

పొటాషియం అయాన్లూ ప్లస్సే, వాటినీ కరెంటు తోస్తుంది. కానీ అవి ఒళ్ళున్నవి. చంటిపిల్ల లేచిన కుర్చీలో మన మేనత్త కూర్చుంటే ఏమవుతుంది? ఒకరైతే ఓర్చుకుంటుంది. గాజు పైపొర నిండా మేనత్తలే ఇరుక్కుంటే ఆ ఒత్తిడికి గాజు పొలుసులు లేచి విరుగుతుంది. ఇది నాకు తెలియనిదీ కాదు. పిల్లలకి చెప్పడానికి అట్ట మీద రాసి పెట్టుకున్నాను కూడా.

గిన్నె కడిగి, ఆరబెట్టి, వట్టి సోడియం ఉప్పు వేసి, మీటరు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. బల్బు పగల్లేదు. మెడ చుట్టూ వెండి వచ్చింది, ఈసారి గోరంత కాదు, కాటుక దిద్దినట్టు చుట్టూరా. ఇంకో బల్బు పెట్టాను. అదీ వచ్చింది. కమిటీ ఎల్లుండి. మిగతాది వాళ్ళు వెళ్ళాక రాస్తాను. నీ పొదుపు వల్ల పగిలిన బల్బుల సంగతి తర్వాత తేల్చుకుందాం.

నీ మరదలు


ప్రదర్శనశాల, మెట్ల కింద నా మూల
ఫిబ్రవరి 25

వదినకి,

చిరునామా చూశావుగా.

కమిటీలో ముగ్గురొచ్చారు. వాళ్ళలో ఒక పెద్దావిడ, గాజు కర్మాగారం నడిపి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. నేను ముందు చల్లటి బల్బుకి కరెంటు పెట్టి చూపించాను, కరెంటు కొలిచే మీటరులో ముల్లు కదల్లేదు. తర్వాత ఉప్పు కరిగించి వేడి బల్బుకి పెట్టాను, ముల్లు లేచింది. తర్వాత చాలాసేపు ఏమీ కనిపించలేదు. ఎవరో గడియారం చూసుకున్నారు. పెద్దసారు చెయ్యి టేపున్న జేబు దగ్గరికి వెళ్ళింది. అప్పుడు మెడ దగ్గర పొగ పట్టినట్టు మసక, ఆ మసకే నిదానంగా వెండి అయింది.

బల్బు చల్లారాక పెద్దావిడ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. నీళ్ళలో ముంచి బుడగలొస్తాయేమో చూసింది. వేలితో తడుముతూ, "ఏ గుమ్మంలోంచి వెళ్ళిందమ్మా ఇది?" అంది. గుమ్మం లేదండీ, ఇల్లంతా సందులే అన్నాను. ఆవిడ పెద్దసారు వైపు తిరిగి, వంకర అద్దాలు మేడ మీద పెట్టుకోండి అంది.

కాయితం ఇచ్చారు. ఖాయం. నేను వెనక గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను. మంచి ఏడుపే, కంగారు పడకు.

వచ్చే నెల పదహారున పిల్లలకి తెరుస్తున్నాం. నువ్వు రావాలి. ఆయన్ని పిలవడానికి నాకు నోరు రావడం లేదు. పొద్దున్నే లేపే పని నీది కదా, ఇదీ నీదే.

నీ మరదలు


ఇంటి నుంచి
మార్చి 18

ఈ రోజు అయిన పనులు: ప్రయాణం బట్టలు ఉతకడం, షాపులో గల్లా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి రసీదులు రాయడం నేర్పడం, మీ అన్నయ్యని కాయితం ముందు కూర్చోబెట్టడం. మూడోది ఇంకా అవుతోంది.

మరదలు పిల్లకి,

నిన్న రాత్రికి ఇల్లు చేరాం. అక్కడ నీ చుట్టూ పిల్లలుండటం వల్ల నువ్వు చూడనివి కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

మీ అన్నయ్య చెల్లెలి దగ్గరికి వచ్చానని ఎవరికీ చెప్పలేదు. టికెట్టు తీసుకుని పిల్లల వరసలో నిలబడ్డారు. గొడుగావిడ పెద్దవాళ్ళు పక్కనుంచి రావచ్చన్నా కదల్లేదు. నీ మాటలు విని, బయటికి వచ్చి, మళ్ళీ టికెట్టు తీసుకుని వెళ్ళారు. రెండోసారి ఒక పిల్ల, "తాతగారూ, మీకు ఇంకా అర్థం కాలేదా" అని అడిగింది. కాలేదమ్మా, నువ్వు చెప్పు అన్నారు. ఆ పిల్ల చెప్పింది. నీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "భోజనం సరిగా చేస్తున్నావా" అని అడిగి ఊరుకున్నారు. నీ ముఖం చిన్నబోవడం నేను చూశాను.

తిరుగు బస్సులో పక్క సీటాయన ఏదో వ్యాపారమని మాట కలిపాడు. అంతే, దారి పొడవునా సోడియం. చల్లగా ఉంటే కదలవట, వేడి లేపుతుందట, కరెంటు తోస్తుందట. పొటాషియం మేనత్త కథ కూడా వచ్చింది. ఆ ముక్క నీ ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదు, కాబట్టి నా ఉత్తరాలు ఎవరు చదువుతున్నారో తెలిసింది. ఆఖరికి ఆ పక్క మనిషి, ఇవన్నీ మీకెలా తెలుసండీ అన్నాడు. "మా చెల్లెలు చేసింది. ఇంత బాగా చేసినవాళ్ళని నేను చూడలేదు" అన్నారు.

ఇల్లు చేరాక అడిగాను, ఆ మాట బస్సులో ఎవరికో ఇచ్చి వచ్చారు, ఎవరికి చెందిందో వాళ్ళకి ఇవ్వలేదు, ఇది బాకీ కాదా అని. బాకీ పేరెత్తితే ఆయన తట్టుకోలేరు. షాపు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఒకరి బాకీ ఉంచుకోలేదన్న పేరుంది. రాస్తాలే అన్నారు. పొద్దుట్నుంచీ కలం మూత తీయడం, పెట్టడం. ఇప్పుడు నేను వంటింట్లోకి వెళ్తున్నాను. ఈ కింద ఖాళీ ఆయనది.


చెల్లెమ్మా,

గాజు సంగతి నువ్వు చెప్పింది సరి. నేను చల్లగా ఉన్నదాన్నే చూశాను. చాలా బాగా చేశావు. ఈ మాట నువ్వు వెళ్ళేరోజే చెప్పాల్సింది.

బల్బులు ఇంకా ఉన్నాయి. అడగడానికి వదిన దాకా వెళ్ళనక్కర్లేదు.

అన్నయ్య


పై నాలుగు ముక్కలూ ఆయన సొంతం. నేను చెప్పి రాయించింది ఒక్కటీ లేదు. మార్చి 18, సాయంత్రం: బాకీ చెల్లు.

నీ వదిన